మగ్గం గుంతకు మీట ఏది?

పడకగదులు ఎన్ని, లిఫ్టు ఉందా అని అడిగే అద్దె యాప్‌ల రూపకర్తలకు, ఎమ్మిగనూరు నేతగాడు ఇల్లు చూడబోయి ముందుగా అడిగేది గుంటమగ్గం సంగతి, అంటే కాళ్లు దించుకుని తొక్కుడు కర్రలు తొక్కేందుకు నడింట్లో గుంత తవ్వుకోనిస్తారా లేదా అన్న సంగతి అని ఎవరూ చెప్పినట్టు లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకునేందుకు రాసుకునే 11 నెలల కరారునామాను మాత్రం యాప్ చిటికెలో తయారుచేసి ఇస్తుంది (తెలివికి లోటు లేదు). ఆదోని పత్తి మిల్లులో పనికి కుదిరిన కుర్రవాడు గది కోసం వెళితే ఇంటామె గడపలోనే నిలబెట్టి ‘మీరేమోళ్లు?’ అని అడిగే ప్రశ్నకు అందులో గడి లేకపోయినా, ‘శాకాహారులకు మాత్రమే’ అన్న మీట ఆ పనిని మర్యాదగా చక్కబెడుతుంది. ఇక చుట్టుపట్ల పల్లెల నుంచి సుగ్గికి, అనగా గుంటూరు వైపు మిరపకోతల వలసకు, ఇళ్లకు తాళాలు వేసి పోయిన కుటుంబాలు చేని గట్టున వేసుకునే పట్టా గుడారానికి ఎన్ని నక్షత్రాలు ఇవ్వాలో, అడ్వాన్సు ఎన్ని నెలలకు రాయాలో రూపకర్తలు తీరిక చూసుకుని తేల్చవలసి ఉంది.