ప్రింటు మామ

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఏ ఊళ్లో దిగినా ఒక ప్రింటు మామ తగులుతాడు. పగలంతా రొయ్యల గుంటల మీద ఉంటాడు, పొద్దుగూకాక బీరువా తెరుస్తాడు. అందులో అత్తమ్మ పట్టుచీరల పక్కన, కలరా ఉండల వాసన కొడుతూ ఆయన ఆస్తి ఉంటుంది: ‘రాత్రి’ సినిమా. తెలుగుది, హిందీ ‘రాత్’ది, క్యాసెట్ నుంచి దింపించింది, వీసీడీ, డీవీడీ, ఆ డీవీడీకి కాపీ.

1992లో రాంగోపాల్ వర్మ వదిలిన ఈ దెయ్యానికి జడిసి జనం లైటు వేసుకుని పడుకున్నారు. రేవతికి దెయ్యం పట్టిందని వాళ్లు వణికితే, ప్రింటుకు బూజు పట్టిందని మామ వణికాడు.

రొయ్యకు కౌంటు చెప్పినట్టే డిస్కుకూ చెబుతాడు. కిలోకు ముప్పై తూగితే దొర, నూరు తూగితే మేత ఖర్చు కూడా రాదు. “క్యాసెట్ నుంచి దింపిందా? నూరు కౌంటబ్బయా, కట్ట మీదే పారెయ్!” అంటాడు. తెర మీద దుమ్ముచుక్క మెరిసిందా, “వైట్ స్పాట్!” అని కేక. 1990ల నడుమ టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టిన తెల్లమచ్చ రోగాన్ని చూసిన కళ్లు మరి.

ఉప్పుగాలికి ఇంటి కిటికీ ఊచలు తుప్పు రాలుతున్నా పట్టించుకోడు గానీ, ప్లేయరు మీద కప్పిన తువ్వాలు రోజు విడిచి రోజు మారాల్సిందే. డిస్కు తుడిచేది పాత పంచె కొంగుతో. “చుట్టూ తిప్పగూడదు. నడిమి నుంచి అంచుకు, నేరుగా లాగాల” అంటూ ఊపిరి బిగబడతాడు. అప్పుడు పక్కన తుమ్మినవాణ్ణి మళ్లీ ఆ ఇంట్లో కాఫీకి పిలవలేదు.

సినిమా మొదలవుతుంది. నేలమాళిగ చీకట్లోకి కెమెరా పోతుండగా మామ బొమ్మ ఆపి, టీవీకి ముక్కు ఆనించి, తెర మీద వేలు పెడతాడు.

“చూడబ్బయా, ఇది నలుపా? బూడిద గదా! వీసీడీలో బొమ్మకు 352కి 288 చుక్కలే. డీవీడీకైతే 720కి 576, నాలుగింతలు. ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి బొమ్మను కుక్కుతారు. వీసీడీలో సెకనుకు పదకొండున్నర లక్షల బిట్లే పడతాయి. చోటు చాలకపోతే చీకట్లో ఉండే సన్న తేడాలకే కోత. కెమెరా పట్టుకుని తేజ అంత కష్టపడి చీకటి తీస్తే, ఈళ్లు గళ్లు గీసి అమ్మినారు!”

మామ మాటలో న్యాయం లేకపోలేదు. దెయ్యం సినిమాకు పెట్టుబడే చీకటి. అక్కడ ఏముందో తెలియకపోతేనే గుండె జారేది. గళ్లు కనబడుతుంటే ఎవడు జడుస్తాడు?

ఈ సంగతి ఊళ్లో తల్లులు ఎప్పుడో కనిపెట్టారు. రాత్రుళ్లు జడుసుకునే పిల్లల్ని తాయెత్తుకు బదులు మామ ఇంటికి తోలుతారు. మణిశర్మ నేపథ్య సంగీతం ఊపందుకుని, పిల్లలు ఒకరినొకరు కరుచుకునేసరికి మామ ఆపుతాడు, బిట్ల లెక్క చెబుతాడు. మూడోసారి ఆపేసరికి పిల్లలు ఆవులిస్తారు. ఓంపురి వచ్చి దెయ్యాన్ని వదిలించే దాకా కథ ఏనాడూ పోలేదు, అంతకు ముందే మామ వదిలించేసి ఉంటాడు.

ఒక వానాకాలపు రాత్రి ఇలాగే లెక్కలు నడుస్తుండగా కరెంటు పోయింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పిల్లలు కెవ్వుమన్నారు. మామ గొంతు మాత్రం ఆనందంతో వణికింది.

“ఇదీ నలుపంటే! ఒక్క గడైనా ఉండాదా, చూడండ్రా!”

“నలుపు సంగతి తర్వాత, గుంటలో ఏరియేటర్లు ఆగిపోయినాయి గదయ్యా!” అంది అత్తమ్మ.

ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోతాయి. మామ చెప్పులు కూడా తొడుక్కోకుండా జనరేటరు వైపు పరుగెత్తాడు. ‘రాత్రి’ తీసిన పాతికేళ్ల తర్వాతైనా ఆ ఇంట్లో ఒకరు సరైన కౌంటులో భయపడ్డారు.