లెక్కలో తేడా

మా బాబాయి సింగరేణి అకౌంట్స్‌లో పనిచేసి, రిటైరయ్యాక ఖమ్మంలో ఇల్లు కట్టుకున్నారు. పద్దు కలవకపోతే అన్నం సయించని మనిషి. కారు కొన్న రోజే దాని అరలో ఒక నోటుబుక్కు పెట్టారు. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, పోయించిన లీటర్లు, ఇచ్చిన రూపాయలు, చివరి గడిలో కారు తెర చూపించిన మైలేజీ. గడులన్నీ స్కేలు పెట్టి గీసినవి. ఎక్కడా కొట్టివేత ఉండదు.

ప్రతి నెలా పునర్వసు నక్షత్రం నాటికి ఆయన భద్రాచలంలో ఉండాలి. అది రాముడి జన్మనక్షత్రం. ఖమ్మంలో ట్యాంకు నిండా కొట్టించి, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా వెళ్తారు. రాత్రికి అక్కడే సత్రంలో ఉండి మర్నాడు దర్శనం చేసుకుని తిరిగొస్తారు. రానూపోనూ దాదాపు 240 కిలోమీటర్లు. రాగానే అదే బంకులో, అదే పంపు దగ్గర, గన్ను మొదటిసారి ‘టక్’మని ఆగేదాకా మళ్లీ కొట్టిస్తారు. పద్ధతిలో వంక పెట్టడానికి లేదు. మైలేజీని చేత్తో లెక్కగట్టాలంటే ఇలాగే కట్టాలి.

కారు తెర 19.4 అనేది. నోటుబుక్కు 17.8 అనేది.

ఏదో ఒక నెల అయితే సరిపెట్టుకునేవారు. నెలనెలా అదే తంతు. తెర లెక్క ప్రకారం 240 కిలోమీటర్లకు 12.4 లీటర్లు చాలు. బంకు బిల్లులో 13.5 ఉంటోంది. లీటరు పైచిలుకు పెట్రోలు ఎటు పోతోంది? పొద్దున్నే లకారం ట్యాంక్‌బండ్ మీద తనతో నడిచే స్నేహితుడి దగ్గర ఈ గోడు వెళ్లబోసుకున్నారు. ఆయన వ్యాపారాల్లో తలపండిన మనిషి. “ఇందులో ఆలోచించడానికి ఏముంది? రాత్రిపూట భద్రాచలంలో బండి తాళాలు ఎవరి దగ్గరుంటాయి?” అని అడిగాడట.

తాళాలు డ్రైవరు దగ్గరుంటాయి. ఎటపాక అవతల ఒక కోయగూడెం కుర్రాడతను. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు వాళ్ల ఊరు అటు వెళ్లిపోయింది, బతుకుతెరువు మాత్రం ఇటే ఉండిపోయింది. హెవీ లైసెన్సు ఉంది, కొన్నాళ్లు బొగ్గు లారీ నడిపాడు. అతని పక్క సీట్లో కూర్చుని నేనూ ప్రయాణం చేశాను. పాల్వంచ దాటి అడవిలో పడ్డాక బండిని 60 దాటనిచ్చేవాడు కాదు. మలుపు ఇంకా దూరంలో ఉండగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేసేవాడు, సారపాక వచ్చేదాకా బ్రేకుతో పెద్దగా పని పడేది కాదు. ఆ తెర మీద 19 కనపడిందంటే అది ఆ పాదం చలవే.

బాబాయి నోటుబుక్కు తెరిచి అతని ముందు పెట్టారు. అతను రెండు గడుల మీదా వేలు పెట్టి చూసి ఇలా అన్నాడట: “బండి తాగిందే ఆ తెరకు తెలుస్తది సార్. బండిలోకి రానిది దానికెట్ల తెలుస్తది? ఒక్కసారి బంకులో ఐదు లీటర్ల కొలత పెట్టించి చూడండి.” తప్పు కప్పిపుచ్చుకోవడానికే అలా అంటున్నాడనుకున్నారు బాబాయి. ఆ నెల జీతం పైసలతో సహా లెక్కగట్టి చేతిలో పెట్టి, తాళాలు తీసుకుని పంపేశారు. పెట్రోలు దొంగతనం చేశాడన్న మాట ఆ సాయంత్రానికే డ్రైవర్ల అడ్డా దాకా పాకింది.

ఈ సంగతి ఫోన్లో వినగానే నాకు మనసు కలుక్కుమంది. నేను హైదరాబాద్‌లో కార్ల వర్క్‌షాపులో పనిచేస్తాను. తెర అంకెను బ్యాంకు పాస్‌బుక్కులా నమ్మేవాళ్లను రోజూ చూస్తుంటాను. ఆ అంకె ట్యాంకును కొలిచి చెప్పేది కాదు. ఇంజన్ కంప్యూటరు ఇంజెక్టర్లను ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచిందో కూడుకుంటుంది, దాన్నిబట్టి ఇంత పెట్రోలు వెళ్లి ఉంటుందని లెక్క వేస్తుంది, చక్రాల తిరుగుడును బట్టి వచ్చిన దూరాన్ని దానితో భాగిస్తుంది. ఇంజెక్టరు కాస్త అరిగినా, టైర్లు అరిగి చుట్టుకొలత తగ్గినా ఫలితం మారుతుంది. చాలా కార్లలో ఆ అంకె అసలు మైలేజీ కంటే 5 నుంచి 10 శాతం ఎక్కువే చూపిస్తుంది. ఈ మధ్య ఏ తేడా వచ్చినా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మీదికి నెట్టేస్తున్నారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ తగ్గే మాట నిజమే. అయితే అప్పుడు తెర అంకే, చేతి లెక్కా రెండూ కలిసే దిగుతాయి. వాటి మధ్య ఎడం పెరగడానికి అది కారణం కాదు.

ఈ ఎడానికి కారణాలు మూడు ఉండొచ్చు. తెర ఎక్కువ చెప్పడం, బంకు తక్కువ పోయడం, ఎవరైనా ట్యాంకులోంచి తీయడం. ఈ మూడూ నోటుబుక్కులో ఒకేలా కనిపిస్తాయి. డ్రైవరు చెప్పింది అక్షరాలా అదే. మా బాబాయి అంతటి లెక్కల మనిషి ఆ మూడింటిలో ఒక్కదాన్నే చూశారు. మిగతా రెండింటికీ నోరు లేదు, తప్పు మోపడానికి మనిషి ఒక్కడే దొరికాడు.

తర్వాత కొన్నాళ్లు యాక్టింగ్ డ్రైవర్లను పిలిపించుకున్నారు. నోటుబుక్కులో 17.8 కదల్లేదు. “వీళ్లూ ఆ తానులో ముక్కలేరా” అన్నారు బాబాయి. సెలవు పెట్టి వెళ్లి, ఆ నెల భద్రాచలం నేనే నడిపాను. రాత్రి తాళాలు బాబాయి దిండు కిందే ఉన్నాయి. తిరిగొచ్చి అదే బంకులో కొట్టిస్తే తేడా అలాగే ఉంది. ఆయన నోటుబుక్కు మూసి చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత నా మాట మీద వేరే బంకులో కొట్టించడం మొదలుపెట్టారు. అక్కడా అదే పద్ధతి, అదే పంపు, గన్ను ఆగిన చోటే ఆపడం. ఒక్క ట్యాంకుతో తేల్చకూడదు కాబట్టి కొన్ని ట్యాంకుల సగటు తీశాం. తెర అదే 19.4. నోటుబుక్కు 18.3కు వచ్చింది. అంటే పోయిందనుకున్న పెట్రోలులో రెండొంతులు అసలు పోనేలేదు. అది తెర చెప్పుకున్న గొప్ప. మిగిలిన మూడో వంతు మొదటి బంకు పంపులోంచి బయటికే రాలేదు. కుర్రాడి వాటాకు చుక్క కూడా మిగల్లేదు.

మూడు శాతం తక్కువ పోయడం మన దగ్గర కొత్తేం కాదు. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా రెండు తెలుగు రాష్ట్రాల బంకుల్లో పంపులకు చిప్పులు బిగించింది. మీటరు మీద వెయ్యి మిల్లీలీటర్లు తిరిగితే గన్నులోంచి వచ్చేది 970. కారులో పోయించుకునేవాడికి ఆ తేడా కంటికి ఆనదు. రోజుకు ఐదు వేల లీటర్లు అమ్మే బంకుకైతే అది 150 లీటర్లు.

బాబాయిని ఇంట్లోనే ఉండమని, మొదటి బంకుకు నేనొక్కణ్నే వెళ్లాను. ఐదు లీటర్ల కొలత తెమ్మన్నాను. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన కొలత ఉండాలి, అడిగిన వినియోగదారుడి ముందు పోసి చూపించాలి. పంపు కుర్రాడు మేనేజరు వంక చూశాడు. మేనేజరు గొణుక్కుంటూనే లోపలికెళ్లి, దుమ్ము తుడిచి తెచ్చాడు. మీటరు సరిగ్గా 5.00 దగ్గర ఆగింది. 25 మిల్లీలీటర్ల దాకా తేడాను నిబంధనలు ఒప్పుకుంటాయి. పెట్రోలు మాత్రం ఆ పాత్ర సన్నటి మెడలో ఉన్న గీతకు బాగా కిందే ఉండిపోయింది. చిన్న కొలగ్లాసుతో గీత దాకా నింపితే 150 మిల్లీలీటర్లు పట్టింది. “కాలిబ్రేషన్‌కి చెప్పామండీ, ఇంకా రాలేదు” అన్నాడు మేనేజరు, చెమట తుడుచుకుంటూ. ఫిర్యాదుకని ఫొటోలు తీసుకున్నాను.

వెనక ఆవరణలో ట్యాంకరు దిగుమతి అవుతోంది. గొట్టం బిగించి, చేతిలో డిప్ కర్ర పట్టుకుని నిలబడిన డ్రైవరు నన్ను చూసి దగ్గరకొచ్చాడు.

“నమస్తే సార్. పెద్దసారు బాగున్నరా?”

నాకు నోట మాట రాలేదు. మేనేజరుకు నేనెవరో తెలియదు. సంభాషణ కొలత మీంచి మళ్లినందుకు ఊపిరి పీల్చుకుని అందుకున్నాడు:

“ఇతను మీకు తెలుసా అండీ? మా ఓనరు గారు ఏరికోరి తెచ్చుకున్నారు. లకారం మీద ఆయనతో వాకింగ్‌కి వచ్చే పెద్దమనిషి దగ్గర కారు నడిపేవాడంట. ‘పన్నెండు వేల లీటర్లు అప్పజెప్పినా చుక్క ముట్టడు, ఇలాంటోడు మళ్లీ దొరకడు’ అని, అక్కడ మానేసిన మర్నాడే పట్టుకొచ్చారు. పాపం, ఏదో నింద పడిందంట. జీతం కూడా సగానికే ఒప్పుకున్నాడు.”