సుగ్గికి మెడికల్ సర్టిఫికెట్

విశ్వవిద్యాలయాల్లో సమానత్వం 2026 జనవరి 13న యూజీసీ నిబంధనలుగా గెజిట్‌లో పుట్టింది. జనవరి 29న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మన ఇళ్లలో ఇరవై ఒకటో రోజుకు గానీ బిడ్డను ఉయ్యాల్లో వెయ్యరు. ఇక్కడ పదహారో రోజుకే ఉయ్యాల తాళ్లు విప్పేశారు. ఆ నిబంధనల్లో లేనిదంటూ లేదు: సమాన అవకాశాల కేంద్రం, సమతా కమిటీ, ఇరవై నాలుగ్గంటల హెల్ప్‌లైన్, ఈక్విటీ అంబాసిడర్లు, ఈక్విటీ స్క్వాడ్లు. స్క్వాడ్ వస్తోందంటే ఏ ఊరి పిల్లలైనా అలవాటుకొద్దీ జేబులో చిట్టీలు కిటికీలోంచి విసిరేస్తారు. ఆ చెత్త ఎత్తే బాధ్యత ఏ కమిటీదో మాత్రం రాయడం మరిచారు.

ఎగతాళి కాసేపు పక్కన పెడదాం. ఆ నిబంధనలు ఊరికే రాలేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల, 2019 మేలో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీ ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల తల్లులు రాధిక వేముల, అబేదా సలీం తడ్వీ 2019లో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. వివక్ష వద్దని 2012లోనే యూజీసీ నిబంధనలు పెట్టింది, వాటిని అమలు చేయించండి మహాప్రభో అన్నదే వాళ్ల మొర. ఆరేళ్లు దాటాక కొత్తవి వచ్చాయి, పదహారు రోజులకు ఆగాయి. అందాకా 2012 నాటివే నడవాలని కోర్టు చెప్పింది. ఏవి అమలు కావడం లేదని ఆ తల్లులు కోర్టుకెళ్లారో, ఇప్పుడు అమల్లో ఉన్నవి అవే.

సరే, ఉన్నదాంతోనే సర్దుకుందాం. 2012 నిబంధనల ప్రకారం ప్రతి విశ్వవిద్యాలయంలో వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ప్రొఫెసర్ హోదాకు తగ్గకూడదు. అలాంటి ఒక గదిని ఊహించుకోండి. బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు. బల్ల మీద గాజు పలక, దాని కింద సమానత్వ ప్రతిజ్ఞ, పక్కన ఫిర్యాదుల పెట్టె, దానికి తాళం. తాళంచెవి సెలవులో ఉన్న అటెండరు దగ్గర. ఎదురుగా కోసిగి వైపు నుంచి వచ్చిన కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా, జనవరి నుంచి కనిపించలేదే?"

"సుగ్గికి పోయింటిమి సార్. గుంటూరు పక్క మిరపకాయలు కోయనీకి."

"ఇంట్లో ఎవరైనా పోయారా?"

"అందరమూ పోయింటిమి సార్."

"అది కాదయ్యా. ఇన్నాళ్లు రాకపోతే కారణం చూపించాలి. మెడికల్ సర్టిఫికెట్ ఉందా?"

"జ్వరం రాలేదు సార్. అప్పుంది."

"అప్పుకు కాలమ్ లేదు నాయనా."

సుగ్గి తెలియని పాఠకులకు రెండు ముక్కలు. కర్నూలు జిల్లాలో ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం పక్క వానల్ని నమ్ముకున్న సేద్యం. తుంగభద్ర దిగువ కాలువ ఉందంటే ఉంది, చివరి పొలం దాకా నీళ్లు రావడం వేరే సంగతి. ఖరీఫ్ పత్తి తెంపి ఆదోని మార్కెట్ యార్డుకు వేసేశాక ఊళ్లో చేతికి పని ఉండదు. పిల్లాజెల్లా, గిన్నెలూ దుప్పట్లూ వేసుకుని లారీల్లో, బొలెరోల్లో గుంటూరు మిరప తోటలకో, బెంగళూరు కట్టడాలకో పోతారు. ఇంటికి తాళం, ముసలివాళ్లకు ఊరు. తోటలో కాయకోత ముమ్మరంగా సాగే నెలల్లోనే కాలేజీలో సెమిస్టరు కూడా ముమ్మరంగా సాగుతుంది.

హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలి. లేకపోతే పరీక్షా లేదు, ఫీజు రీయింబర్స్‌మెంటూ లేదు. ఆ కుర్రాడు కాస్త లోకజ్ఞానం ఉండి, పచ్చకామెర్లని ఎవరి చేతనో ఒక కాగితం రాయించుకుని వస్తే, తగ్గింది పది శాతమో ఎంతో అయితే, కండోనేషన్ ఫీజు కట్టించుకుని హాల్ టికెట్ ఇచ్చేవాళ్లు. మిరపకాయలు కోశానని నిజం చెప్పాడు, డిటెయిన్ అయ్యాడు. ఇందులో వివక్ష ఎక్కడుంది? నిబంధన అందరికీ ఒకటే. కారులో వచ్చే డాక్టరుగారి అబ్బాయికీ డెబ్బై అయిదే, వీడికీ డెబ్బై అయిదే. ఇంతకన్నా సమానత్వం ఇంకేం కావాలి?

సమానత్వం అయింది, ఇక వైవిధ్యం సంగతి చూద్దాం. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లావి. అందుకే ఈ పక్క ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు, పక్క వీధిలో ఉర్దూ. కన్నడ మాధ్యమం బడులు ఇప్పటికీ ఉన్నాయి. ఇన్ని భాషల పిల్లల మధ్య తేడాలు రాకూడదని కాబోలు, 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువులన్నీ ఆంగ్ల మాధ్యమం చేశారు. ఇప్పుడు పాఠం అందరికీ సమానంగా అర్థం కాదు.

కులం కాలమ్ ఇంకా బాగుంటుంది. మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటితే కర్ణాటక. అవతలి ఒడ్డున వాల్మీకి నాయకులు ఎస్టీ. ఇవతలి ఒడ్డున వాళ్ల మేనత్త కొడుకు బోయ, బీసీ-ఏ. ఎస్టీల్లో చేర్చమని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. చేర్చాలా వద్దా అన్నది పెద్దల విషయం, నేను తలదూర్చను. నది దాటితే కులం ఎలా మారుతుందో ఏ ప్రొఫెసరైనా ఒక పేపరు రాస్తే మాత్రం డాక్టరేట్ ఇవ్వొచ్చు.

ఇక చేరిక, అంటే అందరినీ కలుపుకోవడం. ఆదోనిలో రైలెక్కితే ముంబై చేరవచ్చు, చెన్నై చేరవచ్చు. కర్నూలుకు నేరుగా పట్టాలు లేవు. గుంతకల్లు, డోన్ చుట్టి రావాలి. రాయలసీమ విశ్వవిద్యాలయం, క్లస్టర్ విశ్వవిద్యాలయం, డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం, మూడూ ఆ కర్నూలులోనే. ఎమ్మిగనూరు మీదుగా వంద కిలోమీటర్ల బస్సు ప్రయాణం. ఆ ఎమ్మిగనూరులోనే 1938లో మాచాని సోమప్ప నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. ఆయన గెజిట్ కోసం కూర్చోలేదు. మగ్గం ఎక్కడుంటే నూలు అక్కడికి పంపే ఏర్పాటు చేశారు. మన చదువుల్లో మగ్గమే మోసుకుని నూలు దగ్గరికి రావాలి.

వైవిధ్య దినోత్సవాల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. అద్దాల లంగాలు అద్దెకు తెచ్చి కట్టుకున్న అమ్మాయిలు ముందు వరసలో నవ్వుతుంటారు. నిజంగా తండా నుంచి వచ్చిన పిల్ల ఆ సమయానికి ఆఫీసు కిటికీ దగ్గర, స్కాలర్‌షిప్ ఎందుకు పడలేదో కనుక్కుంటూ ఉంటుంది. ఫొటోలో ఆమె వీపు కూడా పడదు.

వైస్ చాన్సలర్ గార్లకు నాదొక చిన్న విన్నపం. స్క్వాడ్లూ అంబాసిడర్లూ వచ్చినప్పుడు వస్తారు. ముందు హాజరు పట్టీలో మెడికల్ పక్కన సుగ్గికి ఒక గడి గీయించండి. వెళ్లొచ్చినవాళ్లకు జూన్‌లో విడిగా తరగతులు, పరీక్ష పెట్టించండి. గజిబిజి అనుకుంటే అదీ వద్దు. సమానత్వం మీద సదస్సు మాత్రం ఫిబ్రవరిలో పెట్టకండి. ఎవరి గురించి మాట్లాడతారో వాళ్లు అప్పుడు గుంటూరులో ఉంటారు.