సస్పెన్స్ అకౌంట్

మా బావ ఆడిటరు. గుంటూరు అరండల్‌పేటలో ముప్ఫై ఏళ్లుగా పరాయివాళ్ల తప్పులు చూసుకుంటూ బతుకుతున్నాడు. ఆయన దగ్గరున్న మారణాయుధం ఎర్ర ఇంకు పెన్ను ఒక్కటే. ఆడిట్ గడువు ముంచుకొచ్చే సెప్టెంబరు నెలాఖరున దాంతో క్లయింట్లని పొడవాలనిపిస్తుందట గానీ, ఫీజు బాకీలు గుర్తొచ్చి ఆగిపోతాడట.

అలాంటి మనిషికి మొన్న ఆదివారం ‘ది అకౌంటెంట్’ సినిమా చూపించాను. 2016లో వచ్చింది. హీరో బెన్ ఆఫ్లెక్. సినిమాలో పేరు క్రిస్టియన్ వుల్ఫ్. షికాగో పక్కన చిన్న ఊళ్లో, చిన్న కొట్లాంటి ఆఫీసులో పద్దులు చూస్తుంటాడు. ఆటిజం ఉంది. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడు, హాస్యం ఆడితే అర్థం కాదు, పళ్లెంలో కూర పప్పుని తాకితే ఊరుకోడు. పని మొదలెట్టే ముందు వేళ్ల కొసల మీద ఉఫ్ఫుమని ఊదుకుంటాడు. ఇంతవరకూ బాగానే ఉంది, మన వీధిలోనూ ఇలాంటి అబ్బాయి ఒకడుంటాడు. తేడా ఏమిటంటే, ఈయన మాఫియా ముఠాల దొంగ లెక్కలు కూడా సరిచేస్తాడు. ఎవడైనా అడ్డొస్తే వాణ్ణీ సరిచేస్తాడు.

రోబోలు తయారుచేసే కంపెనీ ఒకటి ఏళ్ల తరబడి పేరుకున్న ఖాతాలన్నీ ఈయన ముందు పోస్తుంది. రాత్రంతా కూర్చుని, కాగితాలు చాలక గాజు గోడల మీద అంకెలు రాసి, తెల్లారేసరికి 6 కోట్ల డాలర్ల పైచిలుకు ఎటు పోయిందో పట్టేస్తాడు. ఇక్కడ మా బావ రిమోట్ లాక్కుని సినిమా ఆపాడు.

“వోచర్లేవిరా?”

“సినిమా బావా.”

“సినిమా అయితే వోచర్లు ఉండవా? బ్యాంకు స్టేట్‌మెంటు చూడకుండా గోడ మీద రాస్తే అయిపోతుందా? ఆ గోడ కడిగేస్తే వర్కింగ్ పేపర్లు ఎక్కణ్ణుంచి తెస్తాడు?”

తర్వాత వచ్చిన తుపాకీ కాల్పులు ఆయన్ని ఏమాత్రం కదిలించలేదు. కదిలించింది వేరే సీను. పన్ను కట్టలేక సతమతమవుతున్న పల్లెటూరి ముసలి దంపతులొస్తారు. ఆవిడ మెళ్లో దండ చూసి, అది ఆవిడే ఇంట్లో గుచ్చిందని తెలుసుకుని, అయితే అది వ్యాపారమే, ఇంట్లో ఆ జాగాకి మినహాయింపు వస్తుందని దారి చూపిస్తాడు హీరో. మా బావ చప్పట్లు కొట్టాడు. “అదిరా ఎలివేషనంటే!” అన్నాడు.

నాకు మాత్రం ఆ హీరో నాన్న దగ్గర చూపు ఆగిపోయింది. మిలిటరీ మనిషి. పిల్లాడికి వెలుతురు పడదు, చప్పుడు పడదు. డాక్టరు నెమ్మదైన చోట ఉంచుకుంటానంటాడు. తండ్రి ఒప్పుకోడు. లోకం వీడికోసం లైట్లు తగ్గించదు కాబట్టి లైట్లు ఇంకా పెంచమంటాడు. ఇండోనేషియా తీసుకెళ్లి, గురువును పెట్టి, చావు దెబ్బలు తినిపించి యుద్ధవిద్య నేర్పిస్తాడు. ఫలితంగా పిల్లాడు పెద్దయ్యాక కూడా రోజూ రాత్రి చెవులు చిల్లులు పడే పాట పెట్టుకుని, మిణుకు మిణుకుమనే లైటు వేసుకుని, కర్రతో కాళ్లు రుద్దుకుంటూ గడుపుతాడు. ఇది పెంపకమా, పగ తీర్చుకోవడమా అని సినిమా అడగదు. పెంపకం వల్లే గురి కుదిరిందంటుంది. “నాలుగు తగిలిస్తే అన్నీ దార్లోకి వస్తాయి” అనే మన మేనమామలకి హాలీవుడ్ ఇచ్చిన సర్టిఫికెట్ అది.

మనవాళ్లు మాత్రం తక్కువా? మన హీరోకి జబ్బు రావడమంటే కొత్త మేనరిజం రావడం. కాలరెగరేసినట్టే. ‘గజిని’లో 15 నిమిషాలకోసారి హీరో అన్నీ మర్చిపోతాడు, తన్నడం తప్ప. 2017లో వచ్చిన ‘మహానుభావుడు’లో శర్వానంద్‌కి అతిశుభ్రం. చెయ్యి కలపాలన్నా కడుక్కోవాలి. చివరికొచ్చేసరికి ఆయన్నే మట్టిలో దించి కుస్తీ పట్టించారు. జనం హాయిగా నవ్వారు. నేనూ నవ్వాను, దాచను. కానీ ఏ డాక్టరూ తగ్గించలేనిది ఆ ఊరి మట్టి ఎలా తగ్గించిందో ఇప్పటికీ అర్థం కాలేదు. అదే 1986లో ‘స్వాతిముత్యం’లో, మనసు ఎదగని శివయ్య చేతికి దర్శకుడు విశ్వనాథ్ గారు తుపాకీ ఇవ్వలేదు. శ్రీరామనవమి పందిట్లో తాళి కట్టించారు. అంతకంటే పెద్ద యాక్షన్ సీను ఆ సినిమాకి అక్కర్లేకపోయింది.

అసలు చిత్రం థియేటర్లో ఉంటుంది. పోయినేడాది మా ముందు వరసలో ఏడెనిమిదేళ్ల బాబు, ఫైటు వచ్చినప్పుడల్లా రెండు చెవులూ మూసుకుని తల్లి ఒళ్లో దూరిపోయేవాడు. సీట్లు అదురుతున్నాయి మరి. మూడో ఫైటుకి కేక పెట్టాడు. వెనక నుంచి ఒకాయన, “ఇలాంటివాళ్లని ఎందుకు తీసుకొస్తారమ్మా?” అన్నాడు. ఆవిడ పిల్లాణ్ణి భుజానేసుకుని, చెప్పు తెగితే అది చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత తెరమీద హీరో అంతకంటే గట్టిగా కేక పెట్టాడు. వెనకాయన ఈల వేశాడు.

‘ది అకౌంటెంట్’ 2016 అక్టోబరులో వస్తే, అదే ఏడాది డిసెంబరులో మన పార్లమెంటు దివ్యాంగుల హక్కుల చట్టం చేసింది. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే దీంట్లో 21. వాటిలో ఆటిజం ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటా. ఆ నాలుగులో ఒక్క శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన లోపం, మానసిక అనారోగ్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లంతా కలిసి పంచుకోవాలి. ఈ పంపకం తేల్చడానికైనా క్రిస్టియన్ వుల్ఫ్‌ని పిలిపించాల్సిందే.

సినిమా అయిపోయింది. బావకి హీరో నచ్చాడు. “అలాంటివాడు ఒక్కడు నా ఆఫీసులో ఉంటేనా!” అంటూ ఒళ్లు విరుచుకున్నాడు. అక్కయ్య కాఫీ గ్లాసులు పెడుతూ, “ఒకడొచ్చాడుగా” అంది.

బావ గ్లాసు అందుకుని, కాలుతోందన్నట్టు కింద పెట్టాడు.

నాలుగేళ్ల కిందట ఆర్టికల్స్‌కి, అంటే ఆడిటరు దగ్గర శిక్షణకి, ఒక కుర్రాడొచ్చాడట. ఇంటర్వ్యూలో బావ మొహంకేసి చూడలేదట. బల్లమీద తలకిందులుగా ఉన్న ట్రయల్ బ్యాలెన్సునే చూస్తూ, “13 రూపాయలు తేడా ఉందండీ” అన్నాడట. నమస్కారం కూడా పెట్టలేదట.

“మరి తీసుకోలేదా?”

“క్లయింట్లతో మాట్లాడాలి కదరా. మొహం చూడకుండా మాట్లాడితే ఏమనుకుంటారు?”

“ఇందాక నువ్వు చప్పట్లు కొట్టినవాడూ అంతేగా బావా?”

“వాడు బెన్ ఆఫ్లెక్‌రా.”

కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఈ సినిమాకి రెండో భాగం కూడా ఉంది, 2025లో వచ్చింది. అందులో బడినిండా ఇలాంటి పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని, ఊళ్లో కెమెరాలన్నిట్లోకీ ఇట్టే చొరబడి నేరస్థుల్ని పట్టేస్తారు. ఒక్క పిల్లాడైనా ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చోడు. అది చెబితే బావ, పెట్టమన్నాడు.

“ఇంతకీ ఆ 13 రూపాయలు దొరికాయా?” అన్నాను.

“ఎక్కడ? తేలని లెక్క కదా, సస్పెన్స్ అకౌంట్లో పడేశాం” అని రిమోట్ నొక్కాడు.