గీతే నా రాత: ఒక పెన్ ప్లాటర్ ఆత్మకథ

నన్ను ప్లాటర్ అంటారు. ప్రింటర్‌ని కాను. ప్రింటర్ కాగితం మీద చుక్కలు చల్లుకుంటూ పోతుంది. నేను మనిషిలాగే పెన్ను పట్టి గీత గీస్తాను. పెన్ను అడ్డంగా నడుస్తుంది, కాగితం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఆ రెండు కదలికలే నా ఆస్తి. మిల్లీమీటరులో 40వ వంతు కూడా నాకు లెక్కే.

1980లలో పుట్టి, హైదరాబాదులో ఇళ్ల ప్లాన్లు గీసే ఒక ఆఫీసుకు చేరాను. నా ఒరలో ఆరు పెన్నులు ఉండేవి. గోడలకు నలుపు, నీళ్ల పైపులకు నీలం, కరెంటు తీగలకు ఎరుపు. ఎన్ని ఇళ్లు ముందు నా కాగితం మీద లేచి, ఆ తర్వాతే నేల మీద లేచాయో!

ఇంక్‌జెట్ ప్రింటర్లు వచ్చాక నన్ను మెట్ల కిందికి నెట్టారు. కొత్త నీరు వస్తే పాత నీరు పోవడం లోకరీతి, దానికి నాకు బాధ లేదు. నా బాధల్లా పెన్నులకు మూతలైనా పెట్టకుండా వదిలేశారని. మొనలు ఎండి రాయయ్యాయి. నా వీపు మీద టీ గ్లాసులు పెట్టారు, ఆ వలయాలు ఇప్పటికీ ఉన్నాయి. కేబుల్‌ను ఎలుకలు కొరికాయి. ఏళ్ల తరబడి స్విచ్ వేసిన చెయ్యి లేదు. చివరికి తుప్పు పట్టిన ఫ్యానుతో కలిపి తూకానికి వేశారు.

పాత సామాన్ల కొట్లో ఒక అమ్మాయి నా ముందు ఆగింది.

"అన్నా, ఇది పనిచేస్తుందా?"

"ఏమోనమ్మా, ఇనుము ధరకే ఇస్తా, తీసుకుపో."

డిజైన్ చదివిన పిల్ల, నంద్యాల దగ్గరి రైతుబిడ్డ. నా చక్రాలను స్పిరిట్‌తో తుడిచింది, కేబుల్‌నూ ఎండిన పెన్నులనూ మార్చింది. "పెన్ను దించు, అక్కడికి పో, పెన్ను ఎత్తు" అంటూ నా పాత భాషలోనే పలకరించింది.

ఒకనాడు వాళ్ల చేలో ఎండిన పొద్దుతిరుగుడు పువ్వును నా పక్కన పెట్టి గింజల వరుసలు లెక్కపెట్టింది. ఒకవైపు తిరిగేవి 34, మరోవైపు 55. వాటిని గీసే సూత్రం 1979లో హెల్మట్ ఫోగెల్ రాశాడు. గింజ గింజకూ 137.5 డిగ్రీలు తిరగాలి, గింజ సంఖ్యకు వర్గమూలమెంతో ఆ లెక్కన నడుమ నుంచి దూరం జరగాలి. అంతే. నా కాగితం మీద పువ్వు విచ్చుకుంది. మరోసారి కావాలనే 137.3 ఇచ్చింది. ఒకవైపు చారలే మిగిలి, మధ్యలో సందులు పడ్డాయి.

"చూడు నాయనా, ఇంత చిన్న తేడాకే గింజల పొందిక చెడింది" అని ఫోన్లో తండ్రికి చూపించింది.

1968లోనే పారిస్‌లో వేరా మోల్నార్ అనే చిత్రకారిణి కంప్యూటర్‌కు లెక్కలు చెప్పి, మా జాతి యంత్రాల చేత బొమ్మలు గీయించింది. నేను ఆ వంశంలోదాన్నని ఇన్నాళ్లకు తెలిసింది. పువ్వు గింజలన్నిటినీ ఒక్కసారే పెట్టుకోదు, ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటుంది. నేనూ అలాగే గీస్తాను. చెట్టు ఓపికను కాగితం మీదికి తేవడానికి నాలాంటి నిదానపు చెయ్యే కావాలి.

రాత్రి పని ముగిశాక ఆమె ఆరు పెన్నులకూ ఒక్కొక్కటిగా మూతలు పెట్టింది. టక్, టక్ మంటూ ఆరు చప్పుళ్లు. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసింది వాటి కోసమే.