తప్పకుండా తప్పడానికి ఎనిమిది సూత్రాలు

అమెరికాలో డిగ్రీ చదివే పిల్లలకు క్లెప్ అని ఒక వెసులుబాటు ఉంది. 1967లో మొదలైంది, నడిపేది ఎస్ఏటీ పెట్టే కాలేజ్ బోర్డే. క్లాసులో కూర్చోకుండా పరీక్ష రాసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. అందులో హ్యుమానిటీస్ పేపర్ ఒకటి. సగం సాహిత్యం, మిగతా సగం చిత్రం, శిల్పం, కట్టడం, సంగీతం, నాట్యం, సినిమా. 90 నిమిషాలు, 140 ప్రశ్నలు. గట్టెక్కితే మామూలుగా మూడు క్రెడిట్లు, అంటే ఒక సెమిస్టరు కోర్సు ఫీజు మిగిలినట్టే. కంప్యూటర్ సైన్సు చదివే పిల్లకు ఇది దారిలో దొరికిన వరం.

వరాన్ని వరంగా ఉండనివ్వడం మన ఇంటా వంటా లేదు. ఎంసెట్ బిట్లు మింగి, ఐఐటీ కోచింగు అరిగించుకుని, ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో స్థిరపడిన అనుభవమంతా పిల్లల నెత్తిన కుమ్మరించకపోతే మనం తల్లిదండ్రులం ఎలా అవుతాం? ఆ అనుభవసారం ఇదిగో.

1. ముందు రాయించండి, తర్వాత అడగండి

క్రెడిట్ ఇవ్వాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. 50 స్కోరుకు మూడు క్రెడిట్లు ఇవ్వవచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫార్సు మాత్రమే చేస్తుంది. కొన్ని కాలేజీలు అంతకన్నా ఎక్కువ అడుగుతాయి, కొన్ని క్లెప్ మొహమే చూడవు, మరికొన్ని ఒప్పుకున్నా హ్యుమానిటీస్ కోటాలో వేయకుండా ఎలక్టివ్‌ల గంపలో పడేస్తాయి. కాలేజీ క్యాటలాగు తిరగేస్తే, అడ్వైజర్‌కు ఒక ఈమెయిల్ కొడితే అరగంటలో తేలే సంగతే ఇది. కానీ పక్కింటివాళ్లబ్బాయికి ఇచ్చారట కదా! వాడి కాలేజీ వేరు, రాష్ట్రం వేరు అంటూ పిల్ల నసిగితే కసరండి.

2. ఇలియడ్ మొదటి పుటతో మొదలుపెట్టించండి

పునాది గట్టిగా ఉండాలి. ఇలియడ్ 24 సర్గలు, ఒడిస్సీ మరో 24, డాంటే డివైన్ కామెడీ నూరు ఖండాలు. ఒక్క పంక్తి వదలకూడదు. షేక్‌స్పియర్ దగ్గరికి వచ్చేసరికి పిల్లకు డిగ్రీ అయిపోతుంది, పరీక్ష అవసరమే తీరిపోతుంది.

ఒక్కో ప్రశ్నకు 39 సెకన్లు కూడా దక్కని పేపర్ ఇది. అన్ని రంగాల్లోనూ లోతు ఎవరి దగ్గరా ఉండదని దాన్ని తయారుచేసినవాళ్లే ఒప్పుకుంటారు. కథ తెలిసి, ఎవరు రాశారో తెలిసి, ఒక పేరా చూడగానే ఇది ఏ కాలపు గొంతో పోల్చుకోగలిగితే పని జరిగిపోతుంది. అంత తేలిగ్గా జరిగితే చదివినట్టు ఎలా అనిపిస్తుంది?

3. అయిదు శాతం మీద ప్రాణం పెట్టండి

ఏ అంశానికి ఎంత వాటా అన్నది కాలేజ్ బోర్డు దాచుకోలేదు. నవల, కథ కలిపి 15 నుంచి 20 శాతం, చిత్రకళ, శిల్పం వంటివి 20, సంగీతం 15, వాస్తుకళ 5. మనకు ఇళ్లూ స్థలాలూ అంటే ఉన్న మక్కువ చేత ఆ అయిదు శాతాన్నే పట్టుకోవడం ధర్మం. స్తంభం బోదె మీద సాదా పలకైతే డోరిక్, రెండు చుట్టలు తిరిగితే ఐయోనిక్, ఆకులు గుబురుగా ఉంటే కొరింథియన్ అని పది నిమిషాల్లో తేలిపోయే సంగతిని పది వారాలు సాగదీయండి. గోథిక్ చర్చి గోడకు బయటినుంచి ఆసరా ఇచ్చే ఎగిరే కమానుల కొలతలతో సహా రాయించండి.

4. బొమ్మలు చూడనివ్వకండి

చిత్రకారుల పేర్లు, పుట్టిన ఏళ్లు, గతించిన ఏళ్లు ఒక పట్టిక వేసి గోడకు అంటించండి. బొమ్మ మాత్రం కంటపడకూడదు. పడితే ఏమవుతుందో చూడండి.

మానే 1882లో వేసిన 'ఫోలీ బెర్జేర్‌లో బార్' ఉంది. బల్ల మీద రెండు చేతులూ ఆన్చి ఒక అమ్మాయి మన వంక చూస్తూ, మనల్ని పట్టించుకోకుండా నిలబడి ఉంటుంది. ఆమె వెనక గోడంతా అద్దం. అందులో ఆమె వీపు ఉండాల్సిన చోట ఉండదు, బాగా కుడివైపుకు జరిగిపోయి ఉంటుంది. అక్కడ టోపీవాలా ఒకడు ఆమెతో మాట్లాడుతుంటాడు. ఎడమ పక్క పై మూలన ఆకుపచ్చ జోళ్లతో రెండు కాళ్లు వేలాడుతుంటాయి. ట్రపీజు ఊయల మీద ఉన్న మనిషివి. జనమేమో ఆ ఊయలకేసి చూడడం లేదు. ఒకసారి ఇంత చూసిన పిల్ల మానేనూ మోనేనూ కలగాపులగం చేయమన్నా చేయదు. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు అంటూ రువాన్ చర్చినే ముప్పైసార్లకు పైగా వేసిన మోనేకు కావలసింది వెలుగు; మానేకు కావలసింది ఆ అమ్మాయి ముఖంలోని విసుగు. ఇలాంటి తేడా పట్టిక ఇవ్వదు గనుకనే పట్టిక మంచిది.

డాలస్ వైపు ఉండేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడి ఆర్ట్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. ఊరికే వచ్చేదానికి విలువేముంది, వారాంతం కాస్ట్‌కోకు తీసుకెళ్లండి.

5. పద్యం పైకి చదివితే మందలించండి

పేపర్‌లో సుమారు సగం సమాచారం అడుగుతారు. 30 శాతం ప్రశ్నలు ప్రాస ఎలా అమరింది, శైలి ఏమిటి అని. తక్కిన 20 శాతం ఇచ్చిన ముక్కకు అర్థమేమిటని. ఈ చివరి రెంటికీ చెవి కావాలి. లఘువు గురువు లెక్క వేసిన ఇంట పుట్టిన పిల్లకు అయాంబిక్ పెంటామీటరు ఒక్క సాయంత్రం పని: అక్కడ మాత్రల లెక్క కాదు, ఊనిక లెక్క, తేలిక, బరువు జతగా అయిదుసార్లు. సానెట్ 14 పాదాలే. ఎనిమిది, ఆరుగా విరిగితే పెట్రార్క్ పద్ధతి, మూడు చతుష్పాదుల మీద ఒక ద్విపద కూర్చుంటే షేక్‌స్పియర్ పద్ధతి. అందుకే ఛందస్సు తెలిసిన తాతయ్యను ఫోన్‌కు దూరంగా ఉంచండి.

6. సంగీతాన్ని కళ్లతో చదివించండి

ఫ్యూగ్ నిర్వచనం పదిసార్లు రాయించండి. ఒక గొంతు ఎత్తుకున్న వరసను రెండోది అందుకుని, మూడోది తోడై, ముగ్గురూ ఎవరి దారిన వాళ్లు పోతూనే కలిసి ఉండడం బాఖ్ దగ్గర రెండు నిమిషాలు వింటే తెలిసిపోతుంది, నోట్‌బుక్కు ఖాళీగా మిగిలిపోతుంది. స్ట్రావిన్‌స్కీ 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' 1913లో పారిస్‌లో మొదటిసారి ఆడినప్పుడు హాల్లో గొడవ రేగింది. ఆ ఏడాది అంకె బట్టీ పట్టించండి. ఎందుకు రేగిందని పిల్ల అడిగి, యూట్యూబ్ తెరవబోతే వైఫై ఆపేయండి.

7. సినిమా చదువు కాదని గుర్తుచేయండి

విడుదల రోజు బెనిఫిట్ షోకు పిల్లల్ని భుజాన వేసుకుని వెళ్లిన జాతి మనది. ఐజెన్‌స్టైన్ 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్' 1925 నాటిది; అందులో ఒడెస్సా మెట్ల మీదుగా తల్లి చేతి నుంచి జారిన పసిపిల్ల బండి దొర్లే ఘట్టం చూస్తే కత్తెరతో కథ ఎలా చెబుతారో తెలుస్తుంది. అది కూడా సిలబస్సే. అయినా పిల్ల పరీక్ష పేరు చెప్పి సోఫాలో కూర్చుని సినిమా చూస్తుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

8. తెలియని ప్రశ్న వదిలేయమనండి

జేఈఈ రాసిన ప్రాణం నెగెటివ్ మార్కుల భయం వదులుకోలేదు. క్లెప్‌లో తప్పు జవాబుకు కోత లేదు. అయిదు ఆప్షన్లలో రెండు కొట్టేసి మిగిలిన మూడింట్లో ఒకటి గుర్తిస్తే పోయేదేమీ లేదు. అయినా ఖాళీగా వదిలేయడంలో ఒక నిజాయితీ ఉంది. అది నేర్పండి.

స్కోరు 20 నుంచి 80 మధ్య వస్తుంది. 50 అంటే నూటికి యాభై మార్కులు కాదు, అదొక లెక్క కట్టిన కొలమానం. చాలా కాలేజీలు దీనికి గ్రేడు వేయవు, జీపీఏ కదలదు. 50 అడిగే చోట 51 వచ్చినా 78 వచ్చినా దక్కేది ఆ మూడు క్రెడిట్లే. అందుచేత 51తో ఇంటికొచ్చిన పిల్లను "తక్కిన 29 ఏవీ?" అని నిలదీయడం మరవకండి.

ఈ ఎనిమిదీ తూచా తప్పకుండా పాటిస్తే ఫలితం కోసం ఎదురుచూపు కూడా ఉండదు, పరీక్ష ముగించగానే స్కోరు తెర మీదే కనిపిస్తుంది. మళ్లీ రాయాలంటే మూడు నెలలు ఆగాలి. గండమంతా ఆ మూడు నెలల్లోనే ఉంది. మీరు ఆశ వదులుకుని ఊరుకుంటే, పిల్ల తనంతట తాను నాలుగు బొమ్మలు చూసి, రెండు నాటకాలు చదివి, నచ్చిన పాట మళ్లీ మళ్లీ విని, రెండోసారి గట్టెక్కేయగలదు. కాబట్టి ఊరుకోకండి. ఆ సెలవుల్లోనే కోచింగులో చేర్పించండి.