నన్ను చదవకుండానే సంతకాలు పెట్టారు

నేను కంటి పరీక్ష పట్టికను. హిందూపురంలో ఒక చిన్న ఆసుపత్రి గోడకు తెలుగు అక్షరాలతో చాలా ఏళ్లు వేలాడాను. స్నెల్లెన్ అనే డచ్చి డాక్టరు 1862లో మా మొదటి పట్టికను తయారుచేశాడు. ఆయన వేసిన లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. నాకూ మనిషికీ మధ్య ఆరు మీటర్ల దూరం ఉండాలి. నా పై వరుసలోని పెద్ద అక్షరాన్ని మంచి చూపున్నవాళ్లు అరవై మీటర్ల నుంచే పోల్చుకోగలరు. ఆరు మీటర్ల దగ్గర అదొక్కటే కనపడితే ఆ చూపు 6/60. కింది సన్న వరుస దాకా తడబడకుండా చదివితే 6/6.

నన్ను తెచ్చిన పెద్ద డాక్టరు టేపు పట్టి గది కొలిచాడు. ఆరు మీటర్ల దగ్గర నేలమీద తెల్లరంగుతో గీత వేయించాడు. ఎవరొచ్చినా ఆ గీతమీద నిలబడాల్సిందే. "వేళ్ల సందుల్లోంచి చూడొద్దు నాయనా, కన్ను పూర్తిగా మూసుకో" అనేవాడు.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చింది బ్యాడ్జి కోసం తిరిగే డ్రైవర్లు. అద్దె బండి నడపాలంటే ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం కావాలి. మూర్ఛ వస్తుందా, కళ్లు తిరుగుతాయా, కాళ్లూ చేతులూ సరిగ్గా పనిచేస్తాయా, హారన్ వినపడుతుందా, రేచీకటి ఉందా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తుందా, పాతిక మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు కనపడుతుందా అని చూసి ఆ సంతకం పెట్టాలి. అప్పట్లో అద్దె బండి లైసెన్సు మూడేళ్లకోసారి రెన్యువల్. 2019 చట్ట సవరణ దాన్ని ఐదేళ్లు చేసింది. లేపాక్షికి యాత్రికులను తిప్పేవాళ్లు, రాత్రిపూట బెంగళూరు విమానాశ్రయానికి పరిగెత్తేవాళ్లు నా ముందు నిలబడి వెళ్లేవాళ్లు.

ధర్మవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాకు బాగా గుర్తు. పట్టుచీరల వ్యాపారులను బెంగళూరుకు తీసుకెళ్లేవాడు. కుడికన్నుతో నాలుగు వరుసలు చదివాడు. ఎడమకన్నుతో పై అక్షరం తప్ప ఏదీ చెప్పలేకపోయాడు. "రాత్రిపూట ఎదురుగా లైటు పడితే దారి మాయమైపోతాంది సార్. వయసు కదా అనుకుంటి" అన్నాడు. డాక్టరు టార్చి వేసి చూశాడు. శుక్లం. సంతకం పెట్టనన్నాడు. "బండి కంతు కట్టాల సార్, ఇల్లు గడవాల" అని పెద్దాయన చేతులు పట్టుకున్నాడు. డాక్టరు విసుక్కోలేదు. "పుట్టపర్తి ఆసుపత్రికి పో. 1991 నుంచి ఆడ ఒక్క రూపాయి తీసుకోకుండా చూస్తాండారు. ఆపరేషన్ చేయించుకోనిరా, ఈ చేత్తోనే పెడతా" అన్నాడు. కొన్నాళ్లకు ఆ పెద్దాయన తిరిగొచ్చి అదే గీతమీద నిలబడి, ఎడమకన్నుతో వరుస తర్వాత వరుస దిగుతూ చదివాడు. నేను పుట్టినందుకు ఫలితం దక్కిందని ఆరోజు అనిపించింది.

ఆ డాక్టరు పోయాక ఆసుపత్రి చేతులు మారింది. మొదట తెల్లగీత మీదికి మందుల బీరువా వచ్చింది. తర్వాత గది మధ్యలో ప్లైవుడ్ అడ్డం కట్టారు. ఇక ఆరు మీటర్లు ఎక్కడివి? మూడు మీటర్ల గదిలో ఎదురుగా అద్దం పెట్టి చూసే పద్ధతి ఉంది. ఆ అద్దమూ తేలేదు. నామీది ట్యూబులైటు మాడిపోతే మార్చలేదు. చివరికి ఒక మందుల కంపెనీ క్యాలెండర్‌ను సరిగ్గా నా కింది వరుసల మీద మేకు కొట్టి తగిలించారు. ఆ మేకు నా అక్షరంలోంచే దిగింది. అప్పటికి బ్రోకర్లు ఫారాలు కట్టలుగా తెచ్చేవాళ్లు. ఫొటోలు అంటించి ఉండేవి, మనుషులు వచ్చేవాళ్లు కాదు. కొత్తగా వచ్చిన డాక్టర్లు నా ఎదురుగానే కూర్చుని, నావైపు తలెత్తకుండా, చూపు బాగుందని సంతకాలు పెట్టారు.

2017లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 7,500 కిలోలు మించని బండికి మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చాలు, టాక్సీకైనా వేరే బ్యాడ్జి అక్కర్లేదంది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది. పేద డ్రైవర్లకు ఖర్చు తగ్గింది, సంతోషమే. కానీ ఇరవై ఏళ్లకు ఆ లైసెన్సు తీసుకున్న కుర్రవాడికి అది నలభై దాకా చెల్లుతుంది. నా ఆరోగ్యం బాగుందని తనే రాసిచ్చుకుంటే సరిపోతుంది. అతను నడిపే టాక్సీ మాత్రం ఎనిమిదేళ్లదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పరీక్షకు నిలబడాలి. బండికి ఉన్న పరీక్ష దాన్ని నడిపే కంటికి లేకపోవడం అన్యాయం.

బ్యాడ్జి కోసం వచ్చేవాళ్లు తగ్గాక నన్ను చుట్టచుట్టి మేడమీద సెలైన్ డబ్బాల వెనక పడేశారు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో కంటివెలుగు పథకం మొదలైంది. బడిపిల్లల చూపు పరీక్షిస్తారట అని కింద మాట్లాడుకుంటుంటే విన్నాను. నన్నూ దింపుతారని ఎంతో ఆశపడ్డాను. మెట్లమీద అడుగుల చప్పుడు అయినప్పుడల్లా నాకోసమే అనుకున్నాను. ఎవరూ రాలేదు. వానాకాలం చెమ్మకు నా అంచులు పసుపెక్కాయి. మడత పడ్డచోట రెండు అక్షరాలు రాలిపోయాయి.

నేను డ్రైవర్ల పొట్టకొట్టేదాన్ని అనుకోకండి. అద్దాలు పెట్టుకుని చదివినా పరీక్ష నెగ్గినట్టే. రంగుల తేడా కొద్దిగా తెలియనివాళ్లకు కూడా 2020లో లైసెన్సు దారి తెరిచారు. శుక్లం తీయించుకుంటే చూపు తిరిగొస్తుంది. డ్రైవరన్నా, నలభై దాటితే ఎవరూ అడక్కపోయినా వెళ్లి కళ్లు చూపించుకో. షుగర్ ఉంటే ఏటా రెటీనా పరీక్ష చేయించుకో. డాక్టరుగారూ, ఫారం మీద కలం పెట్టేముందు ఆ మనిషిని పిలిపించి, ఆరు మీటర్ల దూరంలో నిలబెట్టి, ఒక్కొక్క కన్నూ మూయించి చదివించండి.